కోపం రేపినవాడి లెక్క

చర్చికి వెళ్లేవాళ్లలో కోపం మీద ప్రసంగం విననివాళ్లు ఉండరు. కోపించడానికి నిదానించాలన్న యాకోబు మాట, పొద్దు గుంకే దాకా కోపం నిలుపుకోవద్దన్న పౌలు మాట సండే స్కూలు పిల్లలకు కూడా నోటికి వచ్చు. ఈ ప్రసంగాలన్నీ కోపం వచ్చినవాడినే పట్టుకుంటాయి. నువ్వు తగ్గు, నువ్వు ఓర్చుకో, నువ్వే క్షమించు అంటాయి. ఆ కోపం తెప్పించినవాడి ఊసు మాత్రం ఎత్తరు. తిరుపతిలో గృహ ప్రార్థనలు అయిపోయాక, టీ గ్లాసులు చేతికొచ్చే వేళ, యవ్వనస్థులు మెల్లగా దగ్గరికి వచ్చి అడిగేది ఇదే: "వాళ్లు కావాలనే గెలుకుతా ఉంటే మేమొక్కరమే ఓర్చుకోవాలా అన్నా?"

న్యాయమైన ప్రశ్న. దీనికి బైబిల్లో జవాబు ఉంది, అదీ ఏదో మూల ఒక వచనంలో కాదు. కోపపడడం గురించి ఎంత చెప్పిందో, కోపం రేపడం గురించీ అంత గట్టిగానే చెప్పింది. మనం ఆ సగాన్ని పెద్దగా చదవం. నేను ఈ సంగతి మీద చాలాకాలంగా తలపట్టుకుని కూర్చున్నాను. నాకు అర్థమైనది ఇది: లేఖనం రెచ్చగొట్టినవాడికీ రెచ్చిపోయినవాడికీ వేర్వేరు లెక్కలు రాస్తుంది, ఒకరి లెక్క చూపించి ఇంకొకరి లెక్క కొట్టేయదు. పైగా ఇద్దరిలో ఎవరి చేయి పైన ఉందో చూసి, వాడినే ముందు నిలదీస్తుంది.

సామెతల గ్రంథం 30వ అధ్యాయం చివరి వచనం చూడండి. "పాలు తరచగా వెన్న పుట్టును, ముక్కు పిండగా రక్తము వచ్చును, కోపము రేపగా కలహము పుట్టును." ఇది ఎవరికి చెప్పిన మాట? ముక్కున్నవాడికి కాదు, పిండేవాడికి. అనుమానం ఉంటే ఒక్క వచనం వెనక్కి వెళ్లండి. అతిశయపడి, కీడు యోచించి ఉంటే నీ చేత్తో నీ నోరు మూసుకో అని అక్కడ ఉంది. గొడవ దానంతట అది పుట్టలేదు, దాని వెనక ఒక చేయి పని చేసిందని సామెత తేల్చేసింది. ముక్కునుంచి రక్తం కారుతున్నవాణ్ణి పట్టుకుని "నీకు ఓర్పు లేదు" అనే అలవాటు మన కుటుంబాల్లో ఉంది, సంఘాల్లోనూ ఉంది. సామెత అలా అనలేదు.

అలాగని రెచ్చిపోయినవాణ్ణి లేఖనం వదిలేస్తుందా? వదలదు. దీనికి మోషే కథను మించిన సాక్ష్యం లేదు.

సంఖ్యాకాండం 20వ అధ్యాయం. కాదేషులో మోషే అక్క మిర్యాము చనిపోయింది. ఆ మాట చెప్పిన వెంటనే, నీళ్లు లేవని జనం మోషే మీదా అహరోను మీదా గుంపు కట్టారని ఉంది. అక్కను పాతిపెట్టిన మనిషిని ఒక్కరు పలకరించినట్టు రాయలేదు. "మమ్మల్ని ఈ చెడ్డ చోటికి ఎందుకు తెచ్చావు, మా సహోదరులతోపాటు అప్పుడే చచ్చిపోయి ఉంటే బాగుండేది" అని మీద పడ్డారు. ఇది మొదటిసారి కూడా కాదు. దాదాపు నలభై ఏళ్ల కిందట రెఫీదీములోనూ ఇదే నీళ్ల గొడవ, ఇవే నిష్ఠూరాలు. వాళ్ల నాయనలు అన్న మాటలే వీళ్లూ అంటున్నారు. బండతో మాట్లాడు, నీళ్లు వస్తాయి అని దేవుడు చెప్పాడు. మోషే బండతో మాట్లాడలేదు, జనంతో మాట్లాడాడు. ద్రోహులారా అని తిట్టి, మేము మీకు నీళ్లు రప్పించాలా అని, కర్రతో రెండుసార్లు బండను కొట్టాడు. నీళ్లు వచ్చాయి, జనం తాగారు, పశువులూ తాగాయి. మోషేకు మాత్రం కనాను దేశంలో అడుగుపెట్టే భాగ్యం పోయింది.

ఇక్కడ దాకా చదివి ఆపేస్తే "కోపం చెడ్డది, మోషే అంతటివాడే నష్టపోయాడు" అనే పాఠమే మిగులుతుంది. అయితే 106వ కీర్తన ఇదే సంఘటనను ఎలా గుర్తుచేసుకుందో చూడాలి. మెరీబా అని పేరుపడ్డ ఆ నీళ్ల దగ్గర జనం దేవుడికి కోపం పుట్టించారని, వాళ్ల మూలంగానే మోషేకు కీడు కలిగిందని, వాళ్లు అతని ఆత్మను తిరగబడేలా చేస్తే అతడు అనరాని మాట అన్నాడని ఆ కీర్తన చెబుతుంది. ద్వితీయోపదేశకాండంలో మోషే కూడా ఒకటికి రెండుసార్లు ఆ మాటే అంటాడు: మీ మూలంగానే దేవుడు నా మీద కోపపడ్డాడు. లేఖనం ఆ మాటను తప్పించుకునే మాటగా కొట్టిపారేయలేదు, చెరిపేయకుండా ఉంచింది. శిక్షను కూడా తీసేయలేదు. జనం రేపారు, అది నిజం. మోషే నోరు జారాడు, అదీ నిజం. ఒకటి ఒప్పుకుంటే రెండోది తగ్గిపోదు.

మన చట్టానికీ ఈ చిక్కు తెలుసు. హఠాత్తుగా, తీవ్రంగా రెచ్చగొట్టినప్పుడు ఒళ్లు తెలియని ఆవేశంలో చంపితే, దాన్ని హత్య కన్నా తక్కువ నేరంగా చూసే మినహాయింపు శిక్షాస్మృతిలో మొదటినుంచీ ఉంది. అవతలివాడు గొడవకు దిగాలనే ఉద్దేశంతో కావాలని అవమానించడం విడిగా ఒక నేరం. పాత ఐపీసీలో అది 504వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 352. అంటే కోర్టు కూడా ఇద్దరినీ చూస్తుంది. మన ఇళ్లల్లోనే ఒకరిని చూసి ఇంకొకరిని వదిలేస్తాం.

రెచ్చిపోయినవాడి లెక్క ఎందుకు కొట్టేయరో సమూయేలు మొదటి గ్రంథం 25వ అధ్యాయంలో ఇంకా బాగా తెలుస్తుంది. నాబాలు మూడు వేల గొర్రెలు, వెయ్యి మేకలు ఉన్న ఆసామి. అడవిలో అతని కాపరులకు దావీదు మనుషులు కాపలాగా నిలిచారు. గొర్రెల బొచ్చు కత్తిరించే పండగ రోజున, ఉన్నదాంట్లో కొంత ఇప్పించమని దావీదు పదిమంది కుర్రాళ్లను మర్యాదగా పంపాడు. నాబాలు అన్నం పెట్టకపోతే పోయె, "దావీదు ఎవడు? యెష్షయి కొడుకు ఎవడు? ఈ కాలంలో యజమానుల్ని వదిలి పారిపోయే దాసులు చాలామంది ఉన్నారు" అన్నాడు. అడిగిన దానికి లేదనడం వేరు, పుట్టుకను ఎత్తి మాట్లాడడం వేరు. దావీదు నాలుగు వందల మందితో కత్తులు కట్టుకుని బయల్దేరాడు. తెల్లవారేసరికి ఆ ఇంట్లో ఒక్క మగవాణ్ణి కూడా మిగల్చనని ఒట్టు పెట్టుకున్నాడు.

అవమానించింది ఒక్క నాబాలు. చావబోయేది అతని పాలేర్లు, కాపరులు, దావీదు మనుషులు మంచివాళ్లని ఒప్పుకున్నవాళ్లు కూడా. కోపం న్యాయంగానే మొదలైంది, దారిలో అన్యాయమైపోయింది. నాబాలు భార్య అబీగయీలు రెండు వందల రొట్టెలు, రెండు తిత్తుల ద్రాక్షరసం, అయిదు గొర్రెల మాంసం, వేయించిన ధాన్యం, ఎండు ద్రాక్ష గెలలు, అంజూరపు అడలు గాడిదల మీద వేసుకుని ఎదురెళ్లింది. మొగుడికి చెప్పలేదు. చెప్పి లాభం లేదని ఇంట్లో పనివాళ్లకే తెలుసు. ఆమె దావీదుతో "మీకు కోపం రాకూడదు" అనలేదు. నాబాలు మూర్ఖుడని ఒప్పుకుంది, తప్పు తన మీద వేసుకుంది, రేపు రాజయ్యాక ఈ రక్తం మీ మనసులో ముల్లులా ఉండకూడదు అని చెప్పింది. గాయాన్ని ఒప్పుకుని, కత్తిని ఆపింది. పంచాయితీల్లో మనం సాధారణంగా దీనికి తలకిందులుగా చేస్తాం. "పోనీలే, వాడేమన్నాడని" అంటూ ముందు గాయాన్నే కొట్టిపారేస్తాం. అవతలివాడి కోపం అందుకే రెట్టింపవుతుంది.

ఇప్పటిదాకా చూసిన కోపాలన్నీ బయటికి వచ్చినవే. లేఖనంలో నన్ను ఎక్కువగా కదిలించేది బయటికి రాని కోపం.

హన్నా కథ అందరికీ తెలుసు. పిల్లల్లేక ఏడ్చింది, మొక్కుకుంది, సమూయేలు పుట్టాడు. తల్లుల దినాన తప్పకుండా చెప్పే కథ. అందులో హన్నా సవతి పెనిన్నాను మాత్రం చప్పున దాటేస్తాం. ఎల్కానా ఏటా ఇద్దరు భార్యల్నీ తీసుకుని షిలోహులోని దేవుని మందిరానికి వెళ్లేవాడు. బలి మాంసం వంతులు పంచేటప్పుడు పెనిన్నాకూ ఆమె కొడుకులకూ కూతుళ్లకూ వరసగా వెళ్లేవి. అక్కడ మొదలయ్యేది దెప్పిపొడుపు. ఏ మాట అన్నదో రాయలేదు. పండగ పూట, పంక్తిలో, పిల్లల చేతుల్లో వంతులు కనబడుతుండగా పెద్ద మాటలు అక్కర్లేదు కూడా. కోపం పుట్టించడానికే విసిగించేదని, ఏటేటా అలాగే జరిగేదని లేఖనం స్పష్టంగా రాసింది. పెనిన్నా కావాలని చేసిన పని అది. దానికి హన్నా తిరిగి తిట్టలేదు. అన్నం మానేసింది, ఏడ్చింది. భర్త ఎల్కానా మంచివాడే, కానీ "పదిమంది కొడుకుల కన్నా నేను నీకు ఎక్కువ కాదా" అన్నాడు. తన ఇంట్లోనే జరుగుతున్నది అతని చెవికి ఎక్కినట్టే లేదు. గుడి దగ్గర యాజకుడు ఏలీ ఇంకా ఘోరం. పెదవులు కదులుతున్నాయి, గొంతు వినబడడం లేదని తాగి వచ్చిందనుకున్నాడు.

రెచ్చగొట్టబడిన మనిషి ఎప్పుడూ కేకలు వేస్తాడని మనం అనుకుంటాం. కేకలు లేకపోతే ఎవరూ ఏమీ అననట్టే లెక్క. హన్నా కథ ఆ లెక్కను ఒప్పుకోదు. కోపం రేపితే కొందరు కొడతారు, కొందరు కుంగిపోతారు. చేసిన పని మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

పౌలు పిల్లల గురించి రాసిన రెండు మాటలు ఇక్కడికే వచ్చి కలుస్తాయి. ఎఫెసీయులకు రాసిన పత్రికలో "తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక" పెంచమన్నాడు. కొలొస్సయులకు రాసిన దాంట్లో కారణం కూడా చెప్పాడు: వాళ్ల మనస్సు కుంగకుండా ఉండేటట్టు. తల్లిదండ్రులకు లోబడండి అన్న వచనాన్ని ప్రతి ఇంట్లోనూ గోడకు తగిలిస్తాం. దాని పక్కనే ఉన్న ఈ వచనాన్ని తగిలించిన ఇల్లు నాకు కనబడలేదు. ఆ రోజుల్లో ఈ మాట ఎంత కొత్తగా వినబడి ఉంటుందో కూడా ఆలోచించాలి. రోమా చట్టంలో తండ్రికి ఇంటి మీద పూర్తి అధికారం ఉండేది. కొడుకు పెళ్లయి, పిల్లల్ని కన్నా, తండ్రి బతికి ఉన్నంతకాలం అతని చేతికిందివాడే, సంపాదించిన ఆస్తి కూడా తండ్రిదే. పుట్టిన బిడ్డను ఇంట్లోకి తీసుకోవాలో వద్దో చెప్పేది కూడా తండ్రే. అలాంటి లోకంలో, సంఘం అంతటి ముందూ పైకి చదివే ఉత్తరంలో, పిల్లలూ కూర్చుని వింటుండగా, "తండ్రులారా" అని పిలిచి ఈ మాట చెప్పించాడు పౌలు.

తిరుపతిలో దీన్ని దూరం వెళ్లి వెతకక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం ఏ జూనియర్ కాలేజీ హాస్టల్ ముందయినా చూడండి. పలమనేరు నుంచో, పుంగనూరు నుంచో, పుత్తూరు నుంచో తెల్లారి బస్సెక్కి వచ్చిన తల్లిదండ్రులు చెట్టు కింద దుప్పటి పరుచుకుని ఉంటారు. తల్లి స్టీలు క్యారియరు గిన్నెలు విప్పుతూ ఉంటుంది. సంగటి ముద్ద, కోడికూర. పిల్లవాడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే తండ్రి ఫోన్ తీసి, కాలేజీ పంపిన మెసేజ్ చూపిస్తాడు. "వీక్లీ టెస్టులో ఇంతేనా? మీ పెద్దనాయన కొడుక్కి ఎంతొచ్చిందో తెలుసా? వాడికేమన్నా రెండు తలకాయలున్నాయా?" తల్లి "తినేటప్పుడన్నా వదిలేయండబ్బా" అంటుంది. పిల్లవాడు ఎదురు చెప్పడు. ముద్ద మింగుతాడు, రెండో ముద్ద కలుపుతూనే ఉంటాడు కానీ నోటికి తీసుకెళ్లడు. షిలోహులో హన్నా అన్నం మానేసింది కూడా ఇలాంటి పండగ పూటే.

ఆ తండ్రి చెడ్డవాడు కాదు. అప్పు చేసి ఫీజు కట్టాడు, టెన్షన్ అతనికీ ఉంది. కోపం రేపాలని అతను అనుకోలేదు, పిల్లవాడిలో పట్టుదల పుట్టాలనుకున్నాడు. పెనిన్నాకూ ఇతనికీ మనసులో తేడా చాలా ఉంది. పౌలు మాత్రం ఉద్దేశం అడగలేదు, ఫలితం చూడమన్నాడు. మనస్సు కుంగిందా లేదా? ఎదురు చెప్పే వీలు లేని చోట అన్న మాట బరువు, అన్నవాడికి తెలియదు. అందుకే ఆ బరువు తూచుకునే పని పైనున్నవాడి మీద పెట్టాడు. బోధ వద్దనలేదు, శిక్ష కూడా వద్దనలేదు, ఆ రెండూ అదే వచనంలో ఉన్నాయి. దెప్పడం, పోల్చడం, పదిమందిలో పరువు తీయడం శిక్షలోకి రావు.

దేవుడికి కోపం పుట్టించడం అనే మాట పాత నిబంధనలో అడుగడుగునా కనబడుతుంది. రాజుల గ్రంథాల్లో యరొబాము దగ్గర మొదలై ఒక్కొక్క రాజు పేరు పక్కనా అదే నేరారోపణ. చాలామంది దీన్ని విగ్రహాల సంగతిగా మాత్రమే చదువుతారు. అది ఉంది. కానీ అహాబు రాజుకు ఏలీయా ప్రవక్త ఆ మాటను మొహం మీద చెప్పింది ఎప్పుడు? నాబోతు ద్రాక్షతోట దగ్గర. తాతల నాటి భూమి అమ్మనన్న రైతు మీద దొంగసాక్షుల్ని నిలబెట్టి, రాళ్లతో కొట్టించి, ఆ తోటను స్వాధీనం చేసుకోవడానికి రాజు వెళ్లినప్పుడు. వెనక నుంచి ఎగదోసింది అతని భార్య యెజెబెలు అని కూడా అదే అధ్యాయం చెబుతుంది. రేణిగుంట రోడ్డు పొడుగునా మామిడి తోపులు లేఅవుట్లు అవుతున్న కాలంలో బతుకుతున్న మనకు ఈ అధ్యాయాన్ని విగ్రహాల మీదికి తోసేసే హక్కు లేదు. ఇక దేవుడు మనిషిలా రెచ్చిపోతాడా అనే ప్రశ్నకు యిర్మీయా 7వ అధ్యాయం నేరుగా బదులిస్తుంది. వాళ్లు కోపం పుట్టిస్తున్నది నాకా, తమకు తామే అవమానం తెచ్చుకోవడం లేదా అని దేవుడే అడుగుతాడు. అదే అధ్యాయం మొదట్లో పరదేశుల్నీ, తండ్రిలేనివాళ్లనూ, విధవరాండ్రనూ బాధపెట్టవద్దని ఉంది. దేవుడికి కోపం పుట్టించే పని ఎక్కడ మొదలవుతుందో అక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు కష్టమైన చోటికి వద్దాం. రెచ్చగొట్టడం తప్పయితే, యేసు చేసింది ఏమిటి? నజరేతు సమాజమందిరంలో ఆయన మాట విని జనం కోపంతో నిండిపోయి కొండ అంచు దాకా తోసుకెళ్లారు. దేవాలయంలో బల్లలు పడదోశాడు. మత్తయి 23వ అధ్యాయం నిండా శాస్త్రుల మీదా పరిసయ్యుల మీదా పడ్డ మాటలు ఎవరికైనా కోపం తెప్పించేవే.

మాటను బట్టే తేల్చాలంటే ఇది తేలదు. తిరుపతివాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగేటప్పుడు బండ వేషం వేసినవాళ్లు వీధుల్లో ఎవర్ని పడితే వాళ్లను తిడతారు, తిట్లు తిన్నవాళ్లు ఎవరూ తప్పుపట్టరు. అవే మాటలు మరుసటి వారం బస్టాండులో అంటే తలలు పగులుతాయి. మాట ఒక్కటే అయినా, ఎవరు, ఎవరిని, ఎక్కడ, ఎందుకు అన్నారన్న దాన్నిబట్టి దాని పని మారిపోతుంది. కాబట్టి యేసు మాటల దగ్గరా అదే అడగాలి.

మార్కు సువార్త 3వ అధ్యాయంలో ఊచచెయ్యి గలవాడి సంగతి చూడండి. విశ్రాంతి దినాన బాగుచేస్తే నేరం మోపుదామని కొందరు కాచుకుని ఉన్నారు. యేసు వాళ్లవైపు కోపంతో చూశాడని, వాళ్ల హృదయ కాఠిన్యానికి దుఃఖపడ్డాడని ఒకే వాక్యంలో ఉంది. తర్వాత ఆ మనిషిని బాగుచేశాడు. వాళ్లు వెంటనే బయటికి వెళ్లి ఆయన్ను చంపే ఆలోచన మొదలుపెట్టారు. ఆయన పని వాళ్లకు కోపం తెప్పించింది. అందులో లాభం ఎవరిది? చెయ్యి పడిపోయినవాడిది. ఖర్చు ఎవరిది? ఆయనదే, ప్రాణంతో సహా. పెనిన్నా దగ్గర దీన్ని పెట్టి చూడండి. ఆమె మాటవల్ల ఎవరికీ మేలు లేదు, నొప్పంతా హన్నాకు, ఆమెకు పైసా ఖర్చు లేదు. యేసు మాట గట్టిగా తగిలింది అధికారం, పరువు ఉన్నవాళ్లకు. చిన్నవాళ్ల జోలికి వచ్చేసరికి ఆయన తిరగలిరాయి మెడకు కట్టే మాట మాట్లాడాడు, వాళ్లను అభ్యంతరపరిచేవాడి గురించి.

తన్ను రెచ్చగొట్టాలని చూసినప్పుడు ఆయన చేసింది కూడా గమనించాలి. లూకా 11వ అధ్యాయం చివర శాస్త్రులూ పరిసయ్యులూ ఆయన మీద పగపట్టి, ఆయన నోటినుంచి ఏదో ఒక మాట జారితే పట్టుకుందామని అనేక సంగతులు అడిగి మాట్లాడించాలని పొంచి ఉన్నారు. తర్వాత విచారణలో హేరోదు చాలా ప్రశ్నలు వేశాడు, జవాబు లేదు. పిలాతు ఆశ్చర్యపోయేటంత మౌనం. చెయ్యి పడిపోయిన మనిషి కోసం కోపం తెచ్చుకున్న ఆయన, తన మీదికి వచ్చిన దూషణకు కోపం అప్పివ్వలేదు. దూషించినా తిరిగి దూషించలేదని పేతురు రాసింది దీని గురించే.

పుణ్యక్షేత్రంలో బతికే క్రైస్తవులం కాబట్టి మనం చదవాల్సిన అధ్యాయం ఇంకొకటి ఉంది. అపొస్తలుల కార్యములు 19. ఎఫెసు అర్తెమి దేవి గుడికి పేరుపడ్డ ఊరు. యాత్రికులు, మొక్కులు, గుడి చుట్టూ అల్లుకున్న వ్యాపారాలు. పౌలు అక్కడ రెండేళ్లకు పైగా ఉండి బోధించాడు. దేమేత్రి అనే కంసాలి దేవి వెండి గుళ్లు చేయించి అమ్మేవాడు. తోటి పనివాళ్లను పోగేసి, ముందు మన జీవనం పోతుందన్నాడు, తర్వాత దేవి మహిమ పోతుందన్నాడు. రెండో మాట అందుకోగానే ఊరంతా లేచింది. పౌలు సహచరులు గాయి, అరిస్తార్కులను రంగస్థలంలోకి ఈడ్చుకెళ్లారు. రెండు గంటల సేపు ఒకే కేక. తాము ఎందుకు పోగయ్యారో చాలామందికి తెలియదని లూకా రాశాడు. రంగస్థలం టర్కీలో ఇప్పటికీ నిలిచి ఉంది, ఇరవై వేల మందికి పైగా పట్టేంత పెద్దది. ఫార్వర్డ్ చేసిన వీడియో ఒకటి చూసి రోడ్డెక్కే జనాన్ని చూసినవాళ్లకు లూకా రాసిన ఆ ఒక్క వాక్యం చాలు.

ఆ గొడవలో రెండు సంగతులు నాకు ముఖ్యం. పౌలు గుంపులోకి వెళ్లబోయాడు, శిష్యులు వెళ్లనివ్వలేదు, ఆ ప్రాంతపు పెద్దలు కొందరు అతని స్నేహితులు, వాళ్లూ వద్దని కబురు పెట్టారు. అతను ఆగాడు. నిజం తన వైపే ఉన్నా, ఆ క్షణంలో తన ముఖం చూస్తే మంట పెరుగుతుందని ఒప్పుకున్నాడు. రెండోది, జనాన్ని శాంతపరిచిన పట్టణ కరణం అన్న మాట: వీళ్లు గుడి దోచినవాళ్లు కారు, మన దేవతను దూషించనూ లేదు. ఆ కరణం క్రైస్తవుడు కాదు. చేతితో చేసినవి దేవుళ్లు కావని పౌలు బోధించిన సంగతి ఊరికంతా తెలుసు. అయినా పరాయి మతానికి చెందిన అధికారి, మండిపోతున్న జనం ముందు, దూషణ చేయలేదని సాక్ష్యం చెప్పగలిగాడు. పౌలు రెండేళ్లకు పైగా అలా మాట్లాడాడు కాబట్టే అది సాధ్యమైంది. ఏథెన్సులోనూ అంతే. విగ్రహాలు చూసి మనసు తట్టుకోలేకపోయిందని ఉంది, నోరు తెరిచాక మొదటి మాట మాత్రం మీరు చాలా దైవభక్తి గలవాళ్లని.

తిరుమల కొండ మీద ఇతర మత ప్రచారాన్ని 2007లో రాష్ట్ర ప్రభుత్వం చట్టం తెచ్చి నిషేధించింది. మతభావాలను కావాలని గాయపరచడం 1927 నుంచీ నేరమే. ఇప్పుడది న్యాయ సంహిత 299వ సెక్షన్. ఈ చట్టాల మీద మనలో మనకు ఏ అభిప్రాయాలున్నా, పక్కవాడి దేవుణ్ణి మైకులో తిట్టడానికి పౌలును అడ్డం పెట్టుకునే వీలు మాత్రం లేదు. అలా తిట్టి, దెబ్బలు తిని, దాన్ని హింస అని చెప్పుకునేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. నిజంగా ఏ తప్పూ లేకుండా దెబ్బలు తింటున్న పల్లె సంఘాలు ఉన్నాయి, వాళ్ల మాట ఎవరూ నమ్మకుండా పోయేది వీళ్లవల్లే. దేమేత్రి లెక్క దేమేత్రిదే, అది ఎక్కడికీ పోదు. మన లెక్క మనం చూసుకోవాలి. "ఒకరి నొకరము వివాదమునకు రేపకయు" అని గలతీయులకు రాసింది విశ్వాసులకే.

రేపదగినది కూడా ఒకటుంది, అది వదిలేయకూడదు. ప్రేమ చూపడానికీ మంచి పనులు చేయడానికీ ఒకరినొకరు పురికొల్పుకోమని హెబ్రీ పత్రిక చెబుతుంది. కొరింథువాళ్ల ఆసక్తి విని మాసిదోనియలో చాలామందికి చందా ఇవ్వాలని ఊపు వచ్చిందని పౌలు మెచ్చుకున్నాడు. అన్యజనులకు రక్షణ రావడం చూసి తన వాళ్లకు రోషం పుట్టాలని రోమా పత్రికలో కోరుకున్నాడు. హాస్టల్ ముందు కూర్చున్న ఆ తండ్రి కోరుకున్నదీ ఇలాంటిదే. పౌలు మాసిదోనియ సంగతి చెప్పేటప్పుడు కొరింథువాళ్లను తక్కువ చేయలేదు, నమ్మకంతో చెప్పాడు.

ఇక మొదటి ప్రశ్న. అవతలివాడు గెలుకుతుంటే మేమే ఓర్చుకోవాలా? కొండమీద ప్రసంగంలో యేసు ముందు కోపపడేవాడి గురించి, తిట్టేవాడి గురించి చెప్పాడు. వెంటనే తర్వాతి వచనంలో కోపం పుట్టించినవాడి వైపు తిరిగాడు. నువ్వు బలిపీఠం దగ్గర అర్పణ ఇస్తుండగా, నీ మీద నీ సహోదరుడికి ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలేసి, ముందు వెళ్లి సమాధానపడు అన్నాడు. సహోదరుడి మీద నీకు విరోధం ఉంటే అనలేదు, నీ మీద అతనికి ఉంటే అన్నాడు. గుర్తుకు రావాల్సింది కోపం వచ్చినవాడికి కాదు, తెప్పించినవాడికి. లేచి నడవాల్సిందీ అతనే. ఆ మాట వింటున్నవాళ్లు గలిలయవాళ్లు. బలిపీఠం ఉన్నది యెరూషలేములో, వంద కిలోమీటర్లకు పైనే, తిరుపతి నుంచి చిత్తూరుకు ఉన్న దూరం కన్నా ఎక్కువ. మూడు రోజులు నడిచి వచ్చినవాడు, అర్పణ అలాగే ఉంచి మళ్లీ మూడు రోజులు ఇంటికి నడవాలి, మాట్లాడి రావాలి.

మన సంఘాల్లో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకు ముందు "ఎవరి మీదైనా కోపం ఉంటే క్షమించండి" అని పాస్టరుగారు చెబుతారు. దానితోపాటు "మీ మీద ఎవరికైనా కోపం ఉందా, ఉంటే ముందు వెళ్లి మాట్లాడి రండి" అని కూడా అడగాలి. అడిగి, వెళ్లి వచ్చేందుకు వారం గడువిచ్చి, ఆ తర్వాతి ఆదివారం బల్ల పెట్టినా తప్పు లేదు.